మైదా గిన్నెలు రెండు

మొన్న రాత్రి మా అమ్మాయి స్కూల్ ప్రాజెక్టు అట్ట మీద బొమ్మలు అంటిస్తుంటే మధ్యలో జిగురు అయిపోయింది. ట్యూబ్‌ని నొక్కింది, తోక దగ్గర్నుంచి చుట్టుకుంటూ వచ్చింది, ఆఖరికి కత్తెరతో చీల్చి లోపల గోకింది. లాభం లేదు. ఆ వేళప్పుడు కొట్లు తీసి ఉండవు, పొద్దున్నే అట్ట పట్టుకెళ్లాలి, దానికి టెన్షన్ మొదలైంది. "పోనీలే, మైదా ఉడికిద్దాం" అన్నాను. మైదాతో కాగితాలు అంటుకోవడమేంటి అన్నట్టు నా వంక అదోలా చూసింది. చిన్న గిన్నెలో రెండు చెంచాల మైదా, కాసిని చన్నీళ్లు వేసి ఉండలు లేకుండా కలిపి, ఇంకాసిని నీళ్లు పోసి సన్న మంట మీద పెట్టి తిప్పుతూ నిలబడ్డాను. తెల్లగా పల్చగా ఉన్నది కాసేపటికి చిక్కబడి, మెరుపు తిరిగి, బుడగ వేసింది. అప్పుడొచ్చింది ఆ వాసన. పచ్చి పిండి వాసన కాదు, వండిన పిండి వాసనా కాదు, మధ్యలో ఎక్కడో ఆగిపోయిన వాసన. అమ్మాయి ముక్కు మూసుకుంది. నాకేమో ఇంట్లో ఎవరిదో పుట్టినరోజు వస్తున్నట్టు అనిపించింది.

పెద్దమ్మ పోయి చాలాకాలమైంది. ఆ వాసన ఆవిడదే.

మా చిన్నప్పుడు పెద్దమ్మ, అమ్మ, పిన్ని ఎప్పుడూ దగ్గరదగ్గరగానే ఉండేవాళ్లు. పిల్లలం చాలామందిమి. ఏడాదంతా ఎవరిదో ఒకరి పుట్టినరోజు వస్తూనే ఉండేది. ఎవరి పుట్టినరోజైనా పార్టీ మాత్రం పెద్దమ్మ ఇంట్లోనే. డబ్బులు ఎవరి దగ్గరా లేవు, ఆ మాట ఎవరూ పైకి అనేవాళ్లూ కాదు. కొనేవల్లా బెలూన్లు, రంగు కాగితాలు, కొవ్వొత్తులు, అంతే. మిగతాదంతా ఇంట్లో ఉన్నదాంట్లోంచి రావాలి, పార్టీ అయ్యాక మళ్లీ ఇంట్లోకే పోవాలి. ఆవిడ లెక్క అది. చాలా గట్టి లెక్క.

ముందురోజు సాయంత్రం మైదా గిన్నెలు రెండు బయటికి వచ్చేవి. ఒకటి జిగురుకి, ఇంకొకటి మర్నాటి కేకు పిండికి. జిగురు గిన్నె పిడికి ఎర్ర దారం కట్టి ఉండేది, ఎందుకంటే అందులో ఆవిడ చిటికెడు మైలుతుత్తం వేసేది. మైదా జిగురుకి పురుగు తొందరగా పడుతుంది, బొద్దింకలకి మహా ఇష్టం. మైలుతుత్తం వేస్తే ముట్టవు. అయితే అది విషం కదా, అందుకని ఆ గిన్నె వంటలోకి ఎప్పటికీ రాకూడదు. "ఎర్ర దారం గిన్నె ముట్టుకున్నారంటే చేతులు విరగ్గొడతాను" అని పార్టీకి ముందు ఒకసారి, మధ్యలో ఒకసారి గుర్తు చేసేది. మేం కేకు పిండి గిన్నె నాకడానికి పోటీ పడేవాళ్లం కాబట్టి ఆ భయం ఆవిడకి ఎప్పుడూ ఉండేది. (మీరు చేసుకుంటే మైలుతుత్తం జోలికి వెళ్లకండి. పిల్లలున్న ఇంట్లో అస్సలు వద్దు. కావలసినప్పుడు కావలసినంతే ఉడికించుకుని, మిగిలింది మర్నాడు పారేస్తే సరిపోతుంది.)

చన్నీళ్లలోనే ఎందుకు కలపాలో చాలా ఏళ్ల తర్వాత అర్థమైంది. పిండిలో వేడినీళ్లు పోస్తే పైనున్న పిండి వెంటనే ఉబ్బి జిగటగా గట్టిపడి, లోపలి పొడిపిండిని మూసేస్తుంది. అదే ఉండ. చన్నీళ్లలో కలిపి మెల్లగా వేడి చేస్తే 60 డిగ్రీలు దాటాక గంజి రేణువులన్నీ ఒకేలా నీళ్లు పీల్చుకుని ఉబ్బుతాయి. పెద్దమ్మకి ఈ డిగ్రీలేవీ తెలీవు. "తొందరపడితే ముద్దలు కడుతుంది, నీ చేతిరాతలాగా" అనేది నాతో.

* * *

కాగితాల పని నేల మీద. చాప పరిచి చుట్టూ కూర్చునేవాళ్లం. పాత నోటుపుస్తకాల్లో రాయని పేజీలు, క్యాలెండర్ వెనకలు, మాసపత్రికల రంగు పేజీలు, కిందటి పుట్టినరోజులకి వచ్చిన గిఫ్టు కాగితాలు. గిఫ్టు కాగితం చింపడం ఆ ఇంట్లో నేరం. టేపు దగ్గర గోరుతో మెల్లగా లేపి, విప్పి, మడతపెట్టి పరుపు కింద పెట్టేవాళ్లు. ఆ కాగితాలు ముడతలు పోయేదాకా పరుపు కిందే పడుకునేవి. రిబ్బన్లకైతే ఇస్త్రీ. పెద్దక్క గోరువెచ్చని ఇస్త్రీపెట్టెతో రిబ్బన్లు లాగుతుంటే మేం అవతలి కొస పట్టుకోవాలి.

ముందు గొలుసులు. కాగితాన్ని వేలెడు వెడల్పు పట్టీలుగా కత్తిరించి, ఒకదాన్ని గుండ్రంగా చుట్టి అంటించి, దాంట్లోంచి ఇంకోటి, దాంట్లోంచి ఇంకోటి. ఈ పనికి బుర్ర అక్కర్లేదు, అందుకే అందరం గోల చేస్తూ చేసేవాళ్లం. చిన్నవాళ్లకి జిగురు పూసే పని. వాళ్లు కాగితానికి కన్నా మోచేతులకి ఎక్కువ పూసుకునేవాళ్లు. ఎవరి గొలుసు పొడవైతే వాళ్లకి మర్నాడు కేకు మూలముక్క. గుండ్రటి కేకుకి మూల ఎక్కడుంటుందని ఎవరూ అడగలేదు, తమ్ముడు తప్ప.

పిన్ని భర్త, మా బాబాయి, ఆఫీసు నుంచి వచ్చి చొక్కా చేతులు మడుచుకుని మాతో కూర్చునేవాడు. ఆయన గొలుసులు చేసేవాడు కాదు, చేస్తున్న మమ్మల్ని చెడగొట్టేవాడు. "ఏమ్మా, ఈ చుట్టుని మధ్యలోంచి నిలువునా కత్తిరిస్తే ఏమవుతుంది?" "రెండవుతాయి బాబాయ్." కత్తిరిస్తే రెండయ్యేవి. తర్వాత ఇంకో పట్టీ తీసుకుని, అంటించే ముందు ఒక కొసని ఒక్కసారి తిప్పి అంటించేవాడు. "ఇప్పుడు?" మేమందరం రెండే అనేవాళ్లం. కత్తిరిస్తే ఒకటే వచ్చేది, రెండింతల పొడుగుతో, మెలికలు తిరిగి. ఇంకో పట్టీని రెండుసార్లు తిప్పి అంటించి కత్తిరిస్తే ఒకదాంట్లో ఒకటి చిక్కుకున్న రెండు చుట్లు. మాకు మతిపోయేది. దానికి మోబియస్ పట్టీ అని పేరుందనీ, మోబియస్, లిస్టింగ్ అనే ఇద్దరు జర్మన్లు 1858లో ఎవరికి వారుగా దాన్ని కనిపెట్టారనీ పెద్దయ్యాక చదివాను. బాబాయి ఆ పేరు చెప్పలేదు. చెప్పి ఉంటే పాఠం అనుకుని లేచిపోయేవాళ్లమేమో. "మరిదిగారూ, గొలుసంతా కోసి పెట్టారు, రేపు గోడకేం కట్టాలి?" అని పెద్దమ్మ వంటింట్లోంచి అరిచేదాకా ఆ కత్తిరింపులు సాగేవి.

క్రేప్ కాగితం మాత్రం కొన్నదే. అది ఆవిడ చేతిలోనే ఉండేది. రెండు రంగుల పట్టీలు పక్కపక్కన పెట్టి మెలితిప్పుతూ గది నాలుగు మూలల నుంచి మధ్యలో దీపం దగ్గరికి లాగేవాళ్లు. టేపు వాడనిచ్చేది కాదు, దారమే. టేపు గోడ సున్నాన్ని ఊడదీస్తుంది, కాగితాన్ని చింపుతుంది, రెండు నష్టాలు. పార్టీ అయిన మర్నాడు ఆ పట్టీలని అట్టముక్కకి చుట్టి రేకు పెట్టెలో పెట్టేది. వాటికి తడి తగలకూడదు. ఆ కాగితం రంగు నీళ్లకి నిలవదు. ఒక వానాకాలం పుట్టినరోజుకి కిటికీ పక్కన కట్టిన ఎర్ర పట్టీ కారి గోడ మీద చార పడింది. సున్నం మళ్లీ వేసేదాకా ఆ చార అలాగే ఉంది, మేం దానికి కళ్లూ ముక్కూ గీశాం.

గోడకి వేలాడే మూడు మూలల జెండాలు పాత చొక్కాలవి, దిండు గలీబులవి. చుట్టూ కుట్టక్కర్లేకుండా వంకీల కత్తెరతో కోసేది. ఆ కత్తెర పళ్లు ఏటవాలుగా కోస్తాయి కాబట్టి బట్ట పోగులు అంత తొందరగా ఊడవు. మా నాన్న పాత నీలం చారల చొక్కా, బాబాయి గళ్ల చొక్కా, పెద్దక్క చిన్నప్పటి గౌను అన్నీ ఆ తోరణంలో వరసగా ఉండేవి. వచ్చిన పిల్లలకి అది తోరణం, మాకు అది ఇంటివాళ్ల హాజరుపట్టీ.

* * *

బెలూన్లు ఊదేది మగపిల్లలు. కొత్త బెలూన్ నోట్లో పెట్టుకుంటే నాలుకకి పొడి తగిలేది, రబ్బరు చేదుతో కలిసి. ఆ పొడి లేకపోతే లోపలి గోడలు ఒకదానికొకటి అంటుకుపోతాయి. దీని వెనకాల కథ ఇష్టం నాకు. రబ్బరు బెలూన్ మొదట చేసింది మైకేల్ ఫారడే, 1824లో, హైడ్రోజన్‌తో చేసే ప్రయోగాల కోసం. రెండు రబ్బరు షీట్లు ఒకదాని మీద ఒకటి పెట్టి గుండ్రంగా కోసి అంచులు నొక్కితే అవే అతుక్కున్నాయట. లోపల అతుక్కోకుండా ఆయన రాసింది ఏంటంటే, పిండి. వంటింటి పిండే. జిగురులో అతికించడానికి, బెలూన్‌లో అతుక్కోకుండా ఉండటానికి, కేకులో తినడానికి! పెద్దమ్మకి ఈ సంగతి చెప్పి ఉంటే ఆయన్ని కూడా మా చాప మీద కూర్చోబెట్టేది.

నోటితో ఊదిన బెలూన్ పైకి లేవదు కదా. అందుకని తలకి రుద్ది గోడకి అంటించేవాళ్లం. నూనె పెట్టిన తలలు పనికొచ్చేవి కాదు. ఆ రోజు తలంటు పోసుకుని ఆరబెట్టుకున్నవాళ్ల తలలకి గిరాకీ. తమ్ముణ్ణి నిలబెట్టి అటొకరూ ఇటొకరూ బెలూన్లు రుద్దేవాళ్లం, వాడి జుట్టంతా నిక్కబొడుచుకునేది, బెలూన్ వెళ్లి గోడకి ఠక్కున పట్టుకునేది. గాలిలో చెమ్మ ఉన్న రోజు మాత్రం ఎంత రుద్దినా జారిపోయేది. దారం ఖర్చు లేదు, టేపు ఖర్చు లేదు.

* * *

అసలు గొప్ప అలంకరణ పాప్‌కార్న్ దండ. తిండీ అదే, తోరణమూ అదే.

మందపాటి గిన్నెలో కాస్త నూనె, ముందు మూడే మూడు గింజలు. మూత పెట్టి అందరం ఊపిరి బిగబట్టేవాళ్లం. మూడూ పేలితే నూనె సిద్ధమైనట్టు, అప్పుడు మిగతా గింజలు పోసేది. మూత గట్టిగా బిగించనిచ్చేది కాదు, సన్న సందు ఉంచేది, ఆవిరి పోవాలి, లేకపోతే పాప్‌కార్న్ మెత్తబడి నమిలితే సాగుతుంది. టప్ టప్ మని మొదలై, వడగళ్ల చప్పుడై, మళ్లీ ఒకటీ అరా మిగిలేదాకా ఎవరూ మాట్లాడేవాళ్లం కాదు. ప్రతి గింజలో దాదాపు 14 శాతం నీరుంటుంది, గింజ లోపల వేడి 180 డిగ్రీలకి వచ్చేసరికి ఆ నీరు ఆవిరై పైతొక్కని బద్దలు కొడుతుంది. గింజలు పాతబడి ఎండిపోతే పేలవు. ఆవిడ అలాంటప్పుడు సీసాలో గింజల మీద చెంచాడు నీళ్లు చల్లి, మూతపెట్టి ఊపి, కొన్నాళ్లు వదిలేసేది. మధ్యలో వచ్చిపోయే ప్రతివాళ్లూ సీసాని ఒకసారి ఊపాలి. తర్వాత అవే పేలేవి. పేలాలు పేలకపోతే సరుకు మంచిది కాదని పారేసే మనకి ఈ ఓపిక ఎక్కడిది.

దండకి వేడివేడి పాప్‌కార్న్ పనికిరాదు. సూది గుచ్చగానే పొడై రాలిపోతుంది. ముందురోజుది, కాస్త మెత్తబడినది కావాలి. ఉప్పు వెయ్యకుండా తీసిపెట్టిన గిన్నె పట్టుకుని పెద్దక్క, అమ్మ కబుర్లు చెప్పుకుంటూ గుచ్చేవాళ్లు. మూడు పాప్‌కార్న్‌లు, ఒక ఎండుద్రాక్ష, మళ్లీ మూడు. ఆ దండ గుమ్మం రెండు పక్కలా వేలాడేది. పార్టీ అయ్యేసరికి కింది సగం ఖాళీ. దారం మాత్రం ఉండేది, పాప్‌కార్న్ ఉండేది కాదు. ఎవరికి ఎంతవరకు అందుతుందో ఆ దారం చూసి చెప్పొచ్చు. ఏటేటా ఖాళీ పైకి పాకుతూ పోయింది.

* * *

కేకుకి ఓవెన్ లేదు. అడుగు మందంగా ఉన్న పెద్ద గిన్నెలో ఉప్పు పరిచి, మధ్యలో చిన్న స్టాండు, మూత పెట్టి ముందే వేడెక్కనిచ్చేది. ఆ ఉప్పు ఒక డబ్బాలో ప్రత్యేకంగా ఉండేది, కాలి కాలి బూడిదరంగుకి వచ్చినా పారేసేది కాదు, కేకుకి అదే మళ్లీ మళ్లీ.

కొలతలు పుస్తకంలో లేవు. చిన్న త్రాసు ఒకటి ఉండేది. ఒక పళ్లెంలో గుడ్లు పెంకులతో సహా. రెండో పళ్లెంలో అంతే తూగేటంత వెన్న. తర్వాత వెన్న తీసేసి అంతే పంచదార. తర్వాత అంతే మైదా. గుడ్లు పెద్దవైతే కేకు పెద్దది, చిన్నవైతే చిన్నది, రుచి మాత్రం మారదు. పౌండ్ కేకు అనే పేరు ఇలా వచ్చిందేనని తర్వాత తెలిసింది, నాలుగూ పౌండు చొప్పున వేసేవాళ్లు కాబట్టి. పెద్దమ్మకి పౌండు లేదు, గుడ్లున్నాయి. మేం త్రాసు ముల్లు నిలబడేదాకా చూస్తూ ఉండేవాళ్లం. కొంచెం పంచదార ఎక్కువైతే ఆ ఎక్కువ మా అరచేతుల్లోకి వచ్చేది, కాబట్టి ఎక్కువవ్వాలని మొక్కుకునేవాళ్లం.

వెన్నా పంచదారా గిలకొట్టడం అందరి వంతూ. తెల్లబడి నురగలా అయ్యేదాకా కొట్టాలి, చేతులు పడిపోయేవి. "ఇంకా పచ్చగానే ఉంది, కొట్టు." కేకు పొంగేదంతా అక్కడ పట్టిన గాలితోనే అని ఆవిడ నమ్మకం, అది చాలావరకు నిజం కూడా. చిటికెడు వంటసోడా వేసి, దానికి తోడు చెంచాడు పెరుగో నిమ్మరసమో కలిపేది, పులుపు తగిలితేనే సోడా పొంగుతుంది, లేకపోతే సబ్బు రుచి మిగులుతుంది. గుడ్లు ఒక్కొక్కటే. విరిగినట్టు కనిపిస్తే చెంచాడు మైదా వేసేది, మళ్లీ కలిసిపోయేది. మిగతా మైదా వేశాక మాత్రం ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు, గట్టిగా కలిపితే కేకు రబ్బరవుతుందని. వెన్న చుట్టి వచ్చిన కాగితం ఆవిడ పారేసిందని నేననుకోను, డబ్బాకి లోపల రాయడానికి అదే.

డబ్బా గిన్నెలోకి దిగాక మూత పడేది, దాని మీద రోకలి బరువు. అక్కణ్ణుంచి ముప్పావుగంట వంటింటి గుమ్మం దగ్గర కాపలా. ఎవరూ మూత తీయకూడదు. సగం ఉడికిన కేకుకి ఇంకా లోపల గోడలు గట్టిపడవు, చల్లగాలి తగిలితే బుడగలన్నీ కూలి మధ్యలో గుంట పడుతుంది. వాసన బయటికి వచ్చినా ఆగాలి. వాసన ఘాటుగా మారితేనే మూత, ఒక పుల్ల గుచ్చి చూడటం. పుల్లకి తడి లేకపోతే ఇంట్లో కేకలు.

పైన ఐసింగ్ అంటే పంచదార పొడి, నిమ్మరసం, అంతే. గులాబీ రంగు కావాలంటే బీట్‌రూట్ తురిమి పిండిన రసం నాలుగు చుక్కలు. బీట్‌రూట్ వాసన వస్తుందేమోనని అక్క ప్రతిసారీ వాసన చూసేది, నిమ్మ దాన్ని కప్పేసేది. కాగితాన్ని మడిచి కత్తిరించిన పువ్వుని కేకు మీద పెట్టి, పైనుంచి పంచదార పొడి జల్లించి, కాగితం మెల్లగా ఎత్తితే పువ్వు ఆకారం మిగిలేది. ఇది ఐసింగ్ లేని కేకులకి, అంటే నెలాఖరు పుట్టినరోజులకి.

పిన్నికి గుడ్డు పడదు. కేకు కోస్తుంటే దూరంగా నిలబడి చప్పట్లు కొట్టేది. ఆవిడ కోసం మొక్కజొన్న పిండి చన్నటి పాలలో కలిపి, మరిగే పాలలో పోసి తిప్పి, పళ్లముక్కలు వేసి కస్టర్డ్ చేసేవాళ్లు. నిజానికి కస్టర్డ్ పొడి పుట్టిందే ఇలాంటి ఇంట్లో. 1837లో బర్మింగ్‌హామ్‌లో ఆల్ఫ్రెడ్ బర్డ్ అనే ఆయన, భార్యకి గుడ్లు పడవని, గుడ్డు లేకుండా కస్టర్డ్ చేశాడు. మా ఇంట్లో భర్త కాదు, అక్కగారు చేసింది. చల్లారేటప్పుడు తొరక కట్టకుండా మధ్యమధ్యలో తిప్పుతూ ఉండాలి, ఆ తిప్పే పని పిన్నిదే. కానీ తొరకంటే బాబాయికి ఇష్టం. అందుకని ఆవిడ కాసేపు తిప్పడం మర్చిపోయేది.

నిమ్మకాయ నీళ్ల గురించి ఒక్క మాట. రసం పిండాక తొక్కల్ని పారెయ్యకుండా, ముందుగానే పలచగా చెక్కి, పంచదారలో కలిపి కాసేపు నలిపి వదిలేసేది. పంచదార తొక్కలోని నూనెని లాగేసుకుని తడితడిగా అయ్యేది. దాంతో చేసిన నిమ్మరసానికి నిమ్మకాయలు సగం చాలు, వాసన రెట్టింపు. తెల్లటి పొర మాత్రం రాకూడదు, చేదు.

* * *

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇదంతా నాకు పనికొచ్చింది. మా సెక్షన్‌లో పెద్దాయన ఒకరు రిటైరవుతున్నారు, చందా వేస్తే గిఫ్టుకే సరిపోయింది. అలంకరణకి పైసా లేదు. ఆ రోజుల్లో ప్రింటర్ కాగితం రెండు పక్కలా చిల్లులున్న పట్టీలతో వచ్చేది, ప్రింటయ్యాక ఆ పట్టీలు చింపి బుట్టలో పడేసేవాళ్లు. నేను బుట్టల్లోంచి అన్నీ ఏరి తెచ్చుకున్నాను. రెండు పట్టీల కొసలు అడ్డంగా అంటించి, ఒకదాని మీద ఒకటి మార్చి మార్చి మడుస్తూ పోతే స్ప్రింగులా సాగే గొలుసు వస్తుంది. భోజనం విరామంలో నలుగురం కూర్చుని మడిచాం. లెక్కల్లో మహా గట్టివాళ్లనుకున్న వాళ్లకి ఆ మడత పట్టుబడలేదు, ఆఫీసు బాయ్‌కి చూడగానే వచ్చేసింది. పంచింగ్ మెషిన్ల కింద మూతలు తీసి చిన్న చిన్న చుక్కలన్నీ కవర్లో పోగుచేశాం, ఆయన గదిలోకి రాగానే జల్లడానికి. జల్లాం కూడా. ఆ చుక్కలు ఫైళ్లలోంచి, సొరుగుల్లోంచి నేను ఆ సెక్షన్ వదిలేదాకా బయటపడుతూనే ఉన్నాయి. ఊడ్చే ఆవిడ మమ్మల్ని తిట్టిన తిట్లు న్యాయమైనవే.

తిండికి బ్రెడ్డూ, ఉడికించి మెదిపిన బంగాళాదుంపలూ. శాండ్‌విచ్‌లు పొద్దున్నే చేసి తెస్తే సాయంత్రానికి అంచులు ఎండిపోయి లేస్తాయి. పెద్దమ్మ పిండిన తడిగుడ్డ కప్పి ఉంచేది. అలాగే చేశాను. మూల నుంచి మూలకి కోస్తే పళ్లెంలో ఎక్కువగా కనిపిస్తాయి. ఆ పెద్దాయన ఒకటి తిని ఇంకోటి తీసుకుంటూ, "ఇంట్లో చేసినవా అమ్మా?" అని అడిగారు. ఇంకేం మాట్లాడలేదు. ఉపన్యాసాలన్నీ అయ్యాక గోడకున్న స్ప్రింగు గొలుసొకటి విప్పి, జాగ్రత్తగా మడిచి, మనవడికని జేబులో పెట్టుకున్నారు.

* * *

రేకు డబ్బా దీపాలు చెప్పడం మర్చిపోయాను. ఖాళీ డబ్బా మీద మేకుతో చిల్లులు కొట్టి, లోపల కొవ్వొత్తి పెడితే గోడల మీద చుక్కలు పడతాయి. కానీ ఉత్త డబ్బా మీద కొడితే సొట్టలు పోతుంది. మా ఇంట్లో ఫ్రిజ్ వచ్చాక అక్క కనిపెట్టింది, డబ్బాలో నీళ్లు నింపి గడ్డకట్టించి, ఆ తర్వాత కొడితే మేకు చక్కగా దిగుతుంది, డబ్బా వంగదు. (పూర్తిగా నింపకూడదు, గడ్డకట్టేటప్పుడు నీరు ఉబ్బుతుంది, అడుగు ఊడుతుంది.) పెద్దమ్మ ఆ ఒక్క విషయంలో అక్కని మెచ్చుకుంది. మిగతా అన్నిటికీ వంక పెట్టేది.

పార్టీ మర్నాటి పని నాకు అప్పట్లో నచ్చేది కాదు. గొలుసులు విప్పడం, ముళ్లు తీయడం, దారం ఉండ చుట్టడం, సగం కాలిన కొవ్వొత్తులు గుడ్డలో కట్టడం. పేలిన బెలూన్ల ముక్కలు కూడా పోయేవి కాదు, వాటిని సాగదీసి సీసా మూతికి రబ్బరుబ్యాండ్లుగా. ఇప్పుడు పార్టీ హాళ్లలో చూస్తుంటాను, గంటకింద కట్టినవన్నీ గంట తర్వాత నల్ల సంచుల్లోకి వెళ్లిపోతాయి. కట్టినవాళ్లు వేరు, విప్పినవాళ్లు వేరు, కేకు తినేవాళ్లు వేరు. అందంగానే ఉంటాయి, కాదనను. నేనూ ఒకట్రెండు సార్లు డబ్బులు కట్టి చేయించినదాన్నే, ఓపిక లేక. కానీ ఆ ఫొటోల్లో ఏది ఎవరి పుట్టినరోజో మా ఇంట్లో ఎవరికీ గుర్తులేదు.

ఈ మధ్య పెద్దక్క కూతురు ఫోన్ చేసింది, కొడుకు పుట్టినరోజుకి అమ్మమ్మ కేకు చేస్తానని. "పిన్నీ, గ్రాములు చెప్పు, రాసుకుంటాను."

"గ్రాములు లేవు. గుడ్లు తూచు, అంతే వెన్న, అంతే పంచదార, అంతే మైదా."

"అబ్బా, గుడ్డుకి ఎన్ని గ్రాములో చెప్పు."

"పెంకుతో యాభై, అరవై ఉంటుంది. నువ్వు తూచు ముందు."

సాయంత్రం ఫొటో పంపింది. రంగు బాగుంది, అంచులు బాగున్నాయి, మధ్యలో అరచేయంత గుంట. నేనే ఫోన్ చేశాను.

"మూత తీశావా మధ్యలో?"

"ఊరికే అలా కొంచెం, పిన్నీ. వీడియో కోసం."

"ఆ గుంటలో కస్టర్డ్ పోసి, పైన పళ్లముక్కలు పెట్టు. ఎవరికీ తెలీదు."

"పోసేశాను. అది కూడా వీడియో తీశాను."